కామాటిపుర సభలు: బొంబాయి తెలుగువారి చర్చా సంప్రదాయముపై ఒక విమర్శ

పదిమంది కూడినచోట ఒక ప్రశ్న పుట్టి, దానికి సమాధానము వెదకు ప్రయత్నము జరిగినచో దానిని సభ యనవచ్చును. ప్రశ్న పుట్టనిచో అది ఉత్సవమో సంతర్పణమో యగును గాని సభ కాదు. ఉత్సవములును సంతర్పణములును సంఘమునకు కావలసినవే. కాని వానితోనే తృప్తి చెందిన సంఘము, తన్ను గూర్చి ఇతరులు చెప్పిన మాటలనే తన చరిత్రగా స్వీకరింపవలసి వచ్చును. బొంబాయి మహానగరమున నివసించు తెలుగువారి విషయమున, ముఖ్యముగా కామాటిపురము నందును తక్కిన తెలుగు చాళ్లయందును ఉన్నవారి విషయమున, ఈ ప్రమాదము సంభవించినదని నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

బొంబాయి తెలుగువారి చరిత్ర యనగానే సంచికలయందు సామాన్యముగా కనబడు వాక్యము ఒకటి కలదు. ఈ నగరమును కట్టినవారు తెలుగువారని ఆ వాక్యము చెప్పును. అది నిరాధారమైనది కాదు. కాని సగము కథ మాత్రమే. కట్టినవారు కట్టి ఊరకుండలేదు. వారు మాటలాడిరి, వాదించిరి, తమ కాలపు మిక్కిలి కఠినమైన సాంఘిక చర్చలో పాల్గొనిరి. ఈ రెండవ సగమును మరచుటవలన మొదటి సగము కేవలము గొప్పలు చెప్పుకొనుటగా మిగిలినది.

1. పేరు

కామాటిపురము గ్రాంటురోడ్డు, నాగపాడ ప్రాంతములకు చేరువనున్న పేట. దాని వీధులు మొదటి గల్లీ, రెండవ గల్లీ అని సంఖ్యలతోనే పిలువబడుచున్నవి. ఏడు దీవుల సముదాయమైన బొంబాయిలో, గవర్నరు హార్న్‌బీ చేపట్టిన కట్ట 1784 ప్రాంతమున పూర్తియై, వర్లీయొద్ద సముద్రపు గండి పూడిన పిదప లోతట్టు నేలలు క్రమముగా నివాసయోగ్యములైనవి. పదునెనిమిదవ శతాబ్ది చివర నిజాము రాజ్యమునుండి వచ్చిన పనివారు ఇచట స్థిరపడిరనియు, వారివలననే పేటకు ఈ పేరు కలిగెననియు ఇరువదవ శతాబ్ది ఆరంభమున వెలువడిన బొంబాయి నగర గెజెటీరు తెలుపుచున్నది.

కామాటి యనునది కులనామము కాదు. కూలిపని చేయువానికి ఆ మాట తెలుగునను వాడుకలో నున్నది. బొంబాయిలో అది తెలుగుదేశమునుండి వచ్చిన పలుకులముల పనివారికి ఉమ్మడి పేరైనది. మున్నూరు కాపులు, పద్మశాలీలు, మాల మాదిగలు తమ గ్రామములలో వేరువేరు వాడలవారు. ఇచటి అధికారుల లెక్కలలో మాత్రము వారందరును కామాటీలే. ఈ విధముగా వారికి పరాయి ఊరిలో పెట్టబడిన పేరు వారి వృత్తినిబట్టి వచ్చినది గాని భాషనుబట్టి వచ్చినది కాదు. ఈ విషయమును గుర్తుంచుకొన్నచో తరువాతి చరిత్ర సుబోధమగును. ఆ పేట పనివారి పేటగా ప్రపంచమునకు తెలిసినది. మాటలాడువారి పేటగా తెలియలేదు.

2. సత్యశోధక చర్చలో తెలుగువారు

1873 సెప్టెంబరు 24న పూనాలో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజమును స్థాపించెను. పురోహితుని మధ్యవర్తిత్వము లేకయే దేవుని కొలువవచ్చుననియు, పెండ్లి జరుపుకొనవచ్చుననియు ఆ సమాజము బోధించెను. అదే సంవత్సరము డిసెంబరు 25న పురోహితుడు లేకుండ ఒక వివాహమును జరిపించి, చెప్పినదానిని చేసి చూపెను. ఈ ఉద్యమమునకు బొంబాయిలో ఆసరాగా నిలిచినవారిలో తెలుగు గుత్తేదారులు ప్రముఖులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు, వెంకు బాలోజీ కాలేవార్ అను పేర్లు ఆ ఉద్యమ చరిత్రకారుల గ్రంథములందు మరల మరల కనబడును. వీరిలో కాలేవార్ బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ భవనమునకు గుత్తేదారు. 1884లో శంకుస్థాపన జరిగి 1893లో పూర్తియైన ఆ భవనమును నేటికిని ప్రతిదినము వేలాదిమంది చూచుచున్నారు. దానిని కట్టించినవాడు ఏ సభలో ఏ పక్షము వహించెనో తెలిసినవారు మాత్రము అరుదు.

పూనాలో తోటమాలి కులమున పుట్టిన ఒక మరాఠీ రచయితకును, బొంబాయిలోని తెలుగు గుత్తేదారులకును పొత్తు ఎట్లు కుదిరెనను ప్రశ్న సహజము. దీనికి సమాధానము వృత్తియందే లభించును. ఫూలే కేవలము రచయిత కాడు. ఆయనయు గుత్తపనులు చేసినవాడు. ఖడక్‌వాస్లా జలాశయ నిర్మాణమునకు సామగ్రి సరఫరా చేసినవాడు. ప్రభుత్వ నిర్మాణ శాఖయందు క్రింది ఉద్యోగులు కూలీలను, గుత్తేదారులను ఏ విధముగా పీడింతురో ఆయనకు అనుభవపూర్వకముగా తెలియును. ఆ అనుభవమే తెలుగు గుత్తేదారులదియు. చేతిలో ధనమున్నను సంఘములో శూద్రులుగానే చూడబడుట, కచేరీలో చదువుకొన్న గుమాస్తా ముందు చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చుట, ఇవి ఇరుపక్షములకును సమానములు. భాష వేరైనను బాధ ఒకటి యగుటచే వారు ఒక వేదికపై కూడిరి.

ఆ వేదిక మొగమాటము లేనిది. ఫూలే తన రైతు గ్రంథమైన షేత్కర్యాచా ఆసూడును ముద్రణకు ముందే బొంబాయి, పూనా, ఠాణా మొదలగు చోట్ల కూడిన జనులకు చదివి వినిపించెను. నారాయణ మేఘాజీ లోఖండే సంపాదకత్వమున బొంబాయినుండి వెలువడుచుండిన దీనబంధు పత్రిక ఆ గ్రంథములోని మొదటి రెండు ప్రకరణములను ప్రకటించి, తరువాతివి మిక్కిలి తీవ్రముగా నున్నవని నిలిపివేసెను. ఆ పత్రిక సత్యశోధకుల స్వంత పత్రికయే. అయినను ఫూలే ఆ పిరికితనమును ఖండించెను. స్నేహితులమధ్య ఇట్టి వాదము జరిగినను ఉద్యమము చెడలేదు. 1888 మే 11న బొంబాయి మాండ్వీ కోళీవాడలో జరిగిన సభ ఆయనకు మహాత్మ బిరుదము నిచ్చెను. అది కూడ సన్మాన సభయే. కాని పదునైదేండ్ల వాదోపవాదముల పిదప జరిగిన సన్మానమది. ముందు చర్చ, తరువాత శాలువ. ఈ క్రమమును గుర్తించుట అవసరము.

అదే కాలమున లోఖండే మిల్లు కార్మికుల సమస్యలను బహిరంగ సభలకు తెచ్చెను. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి గుఱ్ఱపు పందెముల మైదానమున జరిగిన కార్మికసభలో ఇద్దరు స్త్రీ కార్మికులు లేచి మాటలాడిరి. ఆ సంవత్సరము జూను 10న మిల్లు యజమానులు ఆదివారము సెలవునకు అంగీకరించిరి. ఈనాడు ఆదివారమునాడు సభలు జరుపుకొను ప్రతి సంఘమును ఆ చర్చకు ఋణపడియున్నది.

ఆ సభలను కేవలము పొగడి విడుచుట కూడ న్యాయము కాదు. వానిలో పేర్లు నిలిచినవారు సంపన్నులైన గుత్తేదారులు. వారి క్రింద రాళ్లెత్తిన కూలీ ఏమి తలంచెనో, మేస్త్రి చేతిలో ఎంత కూలి పోగొట్టుకొనెనో చెప్పిన మాట ఒక్కటియు లభింపదు. పురోహితుని అధికారమును ప్రశ్నించిన గుత్తేదారు తన అధికారమును ప్రశ్నింపనిచ్చెనా అను సందేహము విమర్శకునికి కలుగక మానదు. చర్చ గొప్పదియే, కాని దానిలో పాల్గొనగలిగినవారు కొందరే.

3. కలియని రెండు పాయలు

మరియొక లోపము ఇంతకంటె ముఖ్యమైనది. ఈ చర్చ యంతయు మరాఠీలో జరిగినది. తెలుగువారు ధనమిచ్చిరి, చోటిచ్చిరి, తామును నిలిచిరి. కాని తెలుగు భాషకు ఆ చర్చనుండి ఏమియు దక్కలేదు.

కాలమును పోల్చి చూచినచో ఈ నష్టము స్పష్టమగును. ఫూలే సమాజము వెలసిన మరుసటి సంవత్సరము, 1874లో, కందుకూరి వీరేశలింగము వివేకవర్ధని పత్రికను ప్రారంభించెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించెను. తెలుగు సాహిత్య చరిత్రలలో సంఘసంస్కరణ ప్రకరణము గోదావరి తీరమున మొదలై ప్రధానముగా ఆ తీరము వెంటనే నడచును. అది న్యాయమే, ఏలయన ఆ పాయ తెలుగులో ప్రవహించినది. ప్రహసనములు, వ్యాసములు, స్వీయచరిత్రము అను రూపములలో నిలిచినది. అదే దశాబ్దమున పశ్చిమ తీరమున తెలుగువారే పోషించిన మరియొక పాయ కలదు. అది కులవ్యవస్థ మూలమునే ప్రశ్నించినది. శూద్రులు, అతిశూద్రులు తామే ముందుకు వచ్చి నడపినది. కాని అది మరాఠీలో ప్రవహించినందున తెలుగు చరిత్రకారుని దృష్టికి రాలేదు. మరాఠీ చరిత్రకారుడు ఆ తెలుగు పేర్లను ఉదాహరించెను గాని వారి భాషను, వారి ఊళ్లను విచారింపవలసిన పని ఆయనకు లేదు. ఈ విధముగా వారు ఇరుదేశముల చరిత్రలయందును అడుగున వ్రాసిన పేర్లుగా మిగిలిరి.

మరాఠీలో మాటలాడుట వారి తప్పు కాదని ఇచట చెప్పవలసియున్నది. నగరములోని క్రింది కులములవారందరితో కలిసి పనిచేయదలచినవారికి మరాఠీయే మార్గము. ఆ చర్చ తెలుగులోనే జరిగియున్నచో అది బహుశః కులపంచాయితీగానే ముగిసియుండెడిది. ఇతరుల భాష నేర్చి, ఆ భాషలో వాదించి నిలిచినవారిని నిందింప పనిలేదు. నిందింపదగినది తరువాతి తరముల ఉపేక్ష. ఆ మాటలను తిరిగి తెలుగులోనికి తెచ్చుకొను పని నూరేండ్లకు పైగా ఎవరును పూనుకొని చేయలేదు.

4. హైదరాబాదు సభ నేర్పిన పాఠము

సభలో తెలుగునకు చోటు లేకపోవుట బొంబాయికే పరిమితమైన విషయము కాదు. కామాటీలు బయలుదేరివచ్చిన నిజాము రాజ్యముననే ఆ స్థితి మరింత తీవ్రముగా నుండెను. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని మందిరమున నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఆంగ్లము, ఉర్దూ, మరాఠీలలో ప్రసంగములు సాగినపుడు సభ్యులు నిశ్శబ్దముగా వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాటలాడ మొదలిడగానే సభలో కొందరు అల్లరిచేసి ఆయనను సాగనీయలేదు. ఆ అవమానమును సహింపజాలని కొందరు తెలుగువారు నవంబరు 12న ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. గ్రంథాలయములు, పత్రికలు, ఆంధ్ర మహాసభలు ఆ సంఘము నాటిన విత్తునుండి పెరిగినవి.

ఈ సంఘటనయందు గమనింపవలసినది అవమానము కాదు, దానికిచ్చిన సమాధానము. 1934లో సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికను వెలువరించెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాసినందులకు ఆయన కోపముతో ప్రత్యుత్తరము వ్రాసి ఊరకుండలేదు. ఊరూర ఉత్తరములు వ్రాసి, కవితలు సేకరించి, 354 మంది కవులను ఒకచోట చేర్చి చూపెను. అదియు సంచికయే. కాని అందులో ప్రతి పుటయు ఒక ప్రశ్నకు సమాధానము. సంచిక యెట్లుండవలెనో నిర్ణయించుటకు ఇంతకంటె మంచి కొలబద్ద తెలుగున దొరకదు.

5. చాల్ వరండాయు, సంఘ వేదికయు

ఇరువదవ శతాబ్దమున బొంబాయికి వచ్చిన తెలుగువారిలో అధికులు చేనేత కులములవారు, పాలమూరు మొదలగు మెట్ట ప్రాంతముల కూలీలు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు మిల్లులలో మగ్గముల యొద్ద నిలిచిరి. తెలంగాణ పల్లెలలో బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మూడు బాయిలను కలిపి చెప్పు వాడుక ప్రసిద్ధము. ఇంటినుండి వెడలిన మగవాడు ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో దిగినట్లే లెక్క. వర్లీ, ప్రభాదేవి, పరేలు ప్రాంతముల చాళ్లలో ఒక్కొక్క ఖోలీలో పలువురు వంతులవారీగా నిదురించిరి. ప్రభాదేవిలోని నాగు సాయాజీ వాడీ పేరు నేటికిని ఒక తెలుగు గుత్తేదారుని జ్ఞాపకము చేయుచున్నది.

ఆ చాళ్లలో చర్చకు కొదువ లేకుండెను. పొడవైన వరండా, అందరికిని ఒక్కటే యైన నల్లా, మెట్ల మలుపు, ఇవియే సభాస్థలములు. ఊరిలో వానలు పడెనా, పటేలు భూమి నాక్రమించెనా, జాబరు లంచమడిగెనా, కొడుకును ఏ బడిలో వేయవలెను, ఆడపిల్లకు పెండ్లి ఇచట చేయవలెనా ఊరిలో చేయవలెనా అను ప్రశ్నలన్నియు అచట తెలుగులోనే తేలినవి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున మిల్లు సమ్మె మొదలైనపుడు సుమారు రెండున్నర లక్షల కార్మికులు పని మానిరి. సమ్మె ఫలింపలేదు, మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. కొందరు తెలుగు నేతగాండ్రు భివండీ పవర్‌లూములకు పోయిరి. కొందరు సిరిసిల్లకు మరలిరి. సమ్మె న్యాయమా, నాయకుని నమ్మవచ్చునా, అప్పు తెచ్చి నిలువవలెనా లేక రహస్యముగా పనికి పోవలెనా అని ఆ నెలలలో వరండాలపై జరిగిన వాదము ఒక జాతి జీవితమును నిర్ణయించిన వాదము. బొంబాయి తెలుగువారు తమ భాషలో జరిపిన చర్చలలో అంతకంటె గురుతరమైనది వేరొకటి యుండదు.

సంఘముల సంచికలలో ఆ వాదమునకు దక్కిన చోటు అత్యల్పము. సంచిక తెరచినచో మొదట సందేశములు, తరువాత ఛాయాచిత్రములు, దాతల ప్రకటనలు, కార్యవర్గపు జాబితా కనబడును. సభ కేగినచో జ్యోతి వెలిగించుట, ప్రార్థన, అతిథి పరిచయము, శాలువ, జ్ఞాపిక, వందన సమర్పణము, భోజనము వరుసగా జరుగును. సభికులు ప్రశ్నలడుగుటకు కార్యక్రమపత్రములో ఒక్క పంక్తియు నుండదు. వరండాలో ఘాటుగా వాదించిన మనుష్యుడే వేదిక యెదుట కుర్చీలో కూర్చుండి చప్పట్లు కొట్టువాడగును.

దీనికి కారణము లేకపోలేదు. ఊరిలో కూలీగా బ్రదికి, నగరమున మిల్లులో తలవంచుకొని పనిచేసినవానికి, పదిమంది యెదుట పేరు పిలిచి శాలువ కప్పుట చిన్న విషయము కాదు. అతని కుటుంబమునకు ఆ ఛాయాచిత్రము ఒక ఆస్తి. పేదవిద్యార్థులకు వేతనము లిచ్చుట, బతుకమ్మనాడు ఆడపడుచులను ఒకచోట చేర్చుట, మార్కండేయ జయంతి జరుపుట మొదలగు పనులు ఈ సంఘములు చేయనిచో చేయువారు లేరు. కావున సన్మానమును వెక్కిరించుట తగదు. కాని సన్మానమొక్కటియే సభగా నిలిచినపుడు భాషకు కలుగు హాని యొకటి కలదు. ఆ వేదికపై తెలుగు పొగడుటకు మాత్రమే పనికివచ్చు భాష యగును. తర్కించుటకు, కాదనుటకు, ఒప్పించుటకు కావలసిన పలుకుబడి దానికి నశించును.

6. పేరుపై పోరు

ఈ హాని యెంతటిదో 2022లో తేటపడినది. గంగూబాయి కాఠియావాడీ అను హిందీ చలనచిత్రము ఆ సంవత్సరము ఫిబ్రవరి 25న విడుదలయ్యెను. కామాటిపురము పేరును చిత్రమున వాడుటవలన అచటి కుటుంబములకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, అపకీర్తి కలుగునని పేటవాసులు కొందరు అభ్యంతరము తెలిపిరి. విషయము బొంబాయి ఉన్నత న్యాయస్థానము వరకు పోయెను. విడుదలకు ముందే న్యాయస్థానము ఆ విజ్ఞాపనలను త్రోసిపుచ్చెను.

పేటవాసుల బాధ నిజమైనది. సంబంధము చూడవచ్చినవారు చిరునామా విని వెనుదిరిగిన ఇండ్లు కలవు. ఉద్యోగ దరఖాస్తులో పేట పేరు వ్రాయుటకు జంకువారు కలరు. కాని ఆ వివాదమున వినవచ్చిన వాదము బలహీనమైనది. తమ పేటలో గౌరవనీయులును నివసింతురని మాత్రమే అది చెప్పినది. ఆ పేరు పనివారి పేరనియు, నగరమును నిర్మించినవారి పేరనియు, ఆంగ్ల ప్రభుత్వ కాలమున పోలీసులు, పట్టణాధికారులు వేశ్యావృత్తిని ఆ గల్లీలకే పరిమితము చేయుటవలన దానికి మచ్చ వచ్చెననియు చెప్పగల చరిత్ర యుండియు అది ముందుకు రాలేదు. సమీపముననున్న సఫేద్ గల్లీకి ఐరోపా స్త్రీలవలన ఆ పేరు వచ్చినదను సంగతి ఒక్కటి చాలును, ఆ వ్యాపారము కామాటీలు తెచ్చినది కాదని తెలియుటకు. పేరు సొంతదారులు పేరుయొక్క చరిత్రను చెప్పుకొనలేకపోయిరి. దానిని సభలలో చర్చించు అలవాటు వారికి తప్పిపోయినది.

ఇంతకంటె బాధాకరమైన మౌనము మరియొకటి కలదు. ఆ గల్లీలలో వ్యాపారమునకు చిక్కిన స్త్రీలలో తెలుగు స్త్రీలును ఉండిరి. 1936 జూను 16న పరేలులోని దామోదర్ హాలునందు డాక్టరు అంబేద్కరు దేవదాసీలు, జోగినులు, పోతరాజులు మొదలగువారి సభలో ప్రసంగించుచు, కామాటిపుర స్త్రీల బ్రదుకును గూర్చి నిర్మొహమాటముగా మాటలాడెను. ఆ బ్రదుకు విడిచి గౌరవముగా జీవింపుడని వారికి చెప్పెను. జోగిని, పోతరాజు అను మాటలు తెలంగాణ పల్లెలకు క్రొత్తవి కావు. గ్రామదేవత పేర బాలికను విడుచు ఆచారమును నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1988లో చట్టము చేయవలసివచ్చినది. పల్లెలోని ఆ ఆచారమునకును నగరములోని ఆ గల్లీకిని నడుమ దారి యున్నదన్న సంగతి అందరికిని తెలిసినదే. అయినను, తెలుగు సంఘముల వేదికలపై ఆ స్త్రీలు చర్చకు వచ్చుట మిక్కిలి అరుదు. పేరు తెలుగువారిది, మచ్చ మాత్రము పరులది అని చెప్పుట సులభము. అంబేద్కరు చేసిన పని దానికి భిన్నమైనది. ఆయన ఆ స్త్రీలను సభకు పిలిచి, వారి ముఖమున మాటలాడెను.

సాహిత్యమున కూడ ఇదియే స్థితి. నామదేవ్ ఢసాళ్ 1972లో వెలువరించిన గోల్‌పిఠా అను మరాఠీ కవితా సంపుటము ఆ పరిసరముల జీవనమును భారతీయ కవిత్వములోనికి తెచ్చెను. ఉర్దూలో మంటో ఆ చుట్టుపట్ల వీధులను కథలకెక్కించెను. అంబల్ల జనార్దన్ వంటి ముంబయి తెలుగు కథకులు వలసజీవుల బ్రదుకును తెలుగులో వ్రాసిరి, అది శ్లాఘనీయము. కాని ఆ కథలపై చాళ్లలో చర్చ జరిగినపుడే అవి ఆ ప్రజల సొత్తగును. చర్చింపబడని కథ బీరువాలో నుండును.

7. బడి

చర్చాభాషగా తెలుగు నిలుచుటయో నశించుటయో తుదకు బడియందే తేలును. రాజ్యాంగములోని 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని నిర్దేశించినది. ముంబయి నగరపాలక సంస్థ తన పాఠశాలలను నడపు భాషలలో తెలుగు ఒకటి. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని తెలుగు మాధ్యమమున చేరు పిల్లలసంఖ్య ఏటేట తగ్గుచున్నది. తల్లిదండ్రులను తప్పుపట్టుటకు వీలులేదు. ఆంగ్లము అన్నము పెట్టునని, మరాఠీ నగరమున నిలువనిచ్చునని వారు అనుభవముచే నెరుగుదురు. తెలుగు ఏమి యిచ్చునను ప్రశ్నకు వారికి సమాధానము చెప్పినవారు లేరు.

సంఘములు చెప్పు సమాధానము సాధారణముగా ఒకటే: తెలుగు తియ్యనిది, ప్రాచీనమైనది అని. పదునాలుగేండ్ల బాలునికి ఆ తీపి చాలదు. తన తండ్రి మిల్లు ఏల మూతపడెను, తన గల్లీకి ఆ పేరు ఏల వచ్చెను, తన ఇల్లు పడగొట్టి క్రొత్తది కట్టినపుడు తనకు ఎంత చోటు వచ్చును అని అతడు తెలుగులో అడుగగలిగి, తెలుగులో సమాధానము పొందగలిగిననాడు ఆ భాష అతనికి పనికివచ్చు భాష యగును. లేనిచో అది అమ్మమ్మతో మాటలాడుటకు మాత్రమే మిగులును, అమ్మమ్మతోనే వెడలిపోవును.

8. ఉపసంహారము

కామాటిపుర గల్లీలను సామూహికముగా పునర్నిర్మించు ప్రణాళికను మహారాష్ట్ర ప్రభుత్వము మ్హాడా సంస్థ ద్వారా చేపట్టినది. పాతచాళ్లు పోయి ఎత్తైన భవనములు లేచినచో వరండా యుండదు. నల్లాయొద్ద వరుస యుండదు. అనగా తెలుగు చర్చకు ఇంతకాలము ఆశ్రయమిచ్చిన చోటు పోవును. వేదిక ఆ చర్చను స్వీకరింపనిచో అది ఎచటను నిలువదు. కావున ఇది సాహిత్యాభిరుచికి సంబంధించిన విషయము మాత్రమే కాదు. కాలము మించకముందే చేయవలసిన పని.

చేయదగినవి మూడు కలవు. మొదటిది, ప్రతి సభయందును ఒక అరగంట ప్రశ్నలకు విడువవలెను. అడిగిన ప్రశ్నను, చెప్పిన సమాధానమును సంచికలో అచ్చువేయవలెను. రెండవది, సత్యశోధక ఉద్యమమునకు సంబంధించిన మరాఠీ రచనలలో తెలుగువారిని గూర్చియున్న భాగములను తెలుగులోనికి తేవలెను. మరాఠీ, తెలుగు రెండును చదువగల యువకులు చాళ్లలో నేటికిని కలరు. మూడవది, గల్లీలు కూలకముందే ఒక్కొక్క గల్లీలోని వృద్ధుల మాటలను, వారిలో స్త్రీల మాటలను తప్పక చేర్చి, వ్రాసియుంచవలెను. ప్రతాపరెడ్డి 354 మంది కవులను ఉత్తరములతో కూడగట్టెను. అన్ని సాధనములున్న ఈ కాలమున పదునైదు గల్లీలను కూడగట్టుట అసాధ్యము కాదు.

కాలేవార్ మొదలగువారు మునుపు చేసినది ఇట్టి పనియే. వారు ముందు వాదమునకు చోటిచ్చిరి. సన్మానము దాని వెనుక వచ్చినది. కట్టిన భవనములను చూపి వారి పేరు చెప్పుకొనువారు, వారు పాల్గొనిన చర్చను కూడ కొనసాగించినచో ఆ పేరునకు అర్హులగుదురు.